పొయ్యి ఆర్పి నిద్రపోయే ఇల్లు

"పొయ్యి వెలిగిస్తే ప్రాణభయం, ఆర్పితే చలిభయంరా తమ్ముడూ!"

లేహ్‌లో ఉద్యోగం చేసి వచ్చిన మా అన్నయ్య మాట ఇది. ఒక చలికాలపు రాత్రి అతని గదిలో బుఖారీ పొగగొట్టం పూడుకుపోయింది. తెల్లవారుజామున తలనొప్పితో, వాంతులతో ఎలాగో తలుపు తీసుకుని బయటపడ్డాడు. వాసనైనా లేని కార్బన్ మోనాక్సైడ్ చేసే ఘోరం అది. సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థినైన నేను, ఆ చలికి తగిన ఇల్లు గీసి చూపిస్తానని పంతం పట్టాను.

మొదటి పటం తప్పుల తడక. ఎండ బాగా వస్తుందని నాలుగు వైపులా పెద్ద అద్దాల కిటికీలు పెట్టాను. మా మాస్టారు నవ్వి, "ఉత్తరపు కిటికీలోంచి ఎండ రాదోయ్, ఉన్న వేడి పోతుంది" అన్నారు. అసలు చదువు అక్కడ మొదలైంది.

లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల దిగువకూ పోతుంది. అయినా ఏడాదిలో 300 రోజులకు పైగా ఎండ కాస్తుంది. ఆ ఎండను పట్టుకోవడం, దాచుకోవడం, ఈ రెండూ తెలిసిన ఇల్లే అక్కడ మంచి ఇల్లు.

ముందు పట్టుకోవడం. ఇల్లు తూర్పుపడమరలుగా పొడుగ్గా, దక్షిణానికి తిరిగి ఉండాలి. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం అక్కడ సూర్యుడు 32 డిగ్రీల ఎత్తుకే వస్తాడు కనుక ఎండ గది లోపలికంటా పడుతుంది. జూన్‌లో 79 డిగ్రీలకు ఎక్కుతాడు. అప్పుడు చిన్న చూరే గొడుగు పడుతుంది.

పడకగదికి దక్షిణాన ట్రోంబ్ గోడ కట్టాలి. అంటే అడుగు మందాన గోడ కట్టి, బయటివైపు నల్లరంగు పూసి, నాలుగు అంగుళాల ఎడంలో అద్దం బిగించడమే. పగలు తాగిన వేడి మెల్లగా గోడ దాటి, చీకటిపడ్డాక గదిలోకి వస్తుంది. ఫ్రాన్సులోని ఒదెయ్యోలో ఫెలిక్స్ ట్రోంబ్, జాక్ మిషెల్ 1967లో ఇలాంటి ఇల్లు కట్టి చూపారు.

ఇక దాచుకోవడం. మిగతా మూడువైపులా జంటగోడలు కట్టి, నడుమ గడ్డో రంపపు పొట్టో కూరాలి. కప్పుకూ అలాంటి రక్షణే కావాలి. సామాన్ల గది, స్నానాల గది ఉత్తరాన ఉంటే చలికి అడ్డు నిలుస్తాయి. కిటికీలకు రెండు పొరల అద్దాలు, రాత్రికి మందపాటి తెరలు, వాకిట రెండు తలుపుల నడవ ఉండాలి. అలాగని గాలిని పూర్తిగా బంధించకూడదు సుమా!

ఇదంతా కాగితం మీది ముచ్చట కాదు. లేహ్ సమీపంలోని ఫే దగ్గర, 1988లో ఏర్పడిన సెక్‌మోల్ సంస్థ విద్యార్థులు ఎండతోనే వెచ్చబడే మట్టి భవనాల్లో చలికాలం గడుపుతున్నారు. మన రాయలసీమ మట్టి మిద్దెల్లో మందపు గోడ పగటి వేడిని ఆలస్యం చేసి చల్లబరుస్తుంది. అక్కడ అదే ఆలస్యం రాత్రికి వెచ్చదనమవుతుంది.

మబ్బు రోజుల కోసం నా రెండో పటంలోనూ ఒక పొయ్యి ఉంచాను. అన్నయ్య పటమంతా చూసి ఒకటే అడిగాడు: "పడుకునేముందు దీన్ని ఆర్పేయొచ్చా?"

"ఆర్పేయడానికే ఈ ఇల్లు అన్నయ్యా!" అన్నాను.