పాత కారులోని పరాయి పరికరములు

కొన్న బండిలో కనుపించు ప్రతి తెలియని తీగకును ఒక ప్రయోజనము కలదు. దాని నెఱుగకమునుపు కత్తెర పట్టరాదు.

ఒకరి చేతిలో కొన్నియేండ్లు తిరిగి మఱియొకరి యింటికి చేరిన కారు, కర్మాగారమునుండి వెలువడిన నాటి రూపముతోనే యుండుట యరుదు. హారను మార్చినవారు, దీపముల కాంతి హెచ్చించినవారు, రిమోటు తాళము పెట్టించినవారు, గ్యాసు కిట్టు బిగింపించినవారు, ఎవరి యవసరమునుబట్టి వారు తమ చేర్పులను చేయించుకొని, వాని వివరమును ఏ కాగితముమీదను వ్రాయకయే బండిని అమ్మివేయుదురు. కనుకనే క్రొత్త యజమానికి, బానెట్టు ఎత్తినప్పుడు బ్యాటరీనుండి బయలుదేరి ఎక్కడికో పోవుచున్న ఎఱ్ఱని తీగయు, డ్యాష్‌బోర్డు క్రిందికి తొంగిచూచినప్పుడు పేరులేని నల్లని పెట్టెయు ఎదురగును. భయపడి దానిని ముట్టకుండుటయు, విసుగుచెంది తెంపివేయుటయు సమానముగా హానికరములు. గుర్తించుటయే ప్రథమకర్తవ్యమనియు, తక్కిన నిర్ణయములన్నియు దాని వెనుకనే రావలెననియు నా దృఢవిశ్వాసము.

మూలరూపమే కొలబద్ద

పరాయిదానిని గుర్తింపవలెనన్న ముందుగా స్వంతదేదో తెలియవలెను. మారుతి కార్లలో ఎల్.ఎక్స్.ఐ., వి.ఎక్స్.ఐ., జడ్.ఎక్స్.ఐ. అను తరగతులుండుటయు, క్రింది తరగతికి లేని సెంట్రల్ లాకు మొదలగువానిని తరువాత పెట్టించుకొను వాడుక యుండుటయు అందఱెఱిగినదే; కావున అదే సంవత్సరపు, అదే తరగతి కారును ప్రక్కన నిలిపి పోల్చిచూచుటకన్న సులభమైన పరీక్ష లేదు. ఛాసిస్ సంఖ్య చూపినచో, ఆ వస్తువు కంపెనీ విడిభాగముల పట్టికలో కలదో లేదో అధీకృత సర్వీసు కేంద్రమువారు చెప్పగలరు. తీగల పనితనము సైతము సాక్ష్యము పలుకును: కంపెనీ వైరింగు కట్టలుగా చుట్టబడి, ముడుతల గొట్టములలో సాగి, క్లిప్పులతో బిగింపబడి, కుదురైన కనెక్టర్లలో ముగియును, బయట వేయించినది విడిగా వ్రేలాడుచు, ఒలిచి మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులతో కనబడును.

అంకెల సాక్ష్యము

ఆ నల్లని పెట్టె రిలే, అనగా చిన్న ప్రవాహముతో పెద్ద ప్రవాహమును కలుపు మీట, యైనచో దాని కాళ్ళకడ 30, 85, 86, 87 అను అంకెలుండును. ఇవి డిన్ 72552 అను జర్మను ప్రమాణములోని సంకేతములు: 85, 86 లోపలి తీగచుట్టకును, 30 బ్యాటరీనుండి వచ్చు శక్తికిని, 87 ఆ శక్తిని గ్రహించు పరికరమునకును చెందినవి. 87నుండి బయలుదేరిన తీగవెంట చేయివేసి పోయినచో, అది హారనునకో, దీపమునకో, పెట్రోలు పంపునకో చేరి తన పనిని తానే తెలుపును. ఉదాహరణకు, ముందు దీపములలోని హెచ్4 బల్బునకు ప్రమాణము 60/55 వాట్లు. దాని స్థానమున 100/90 వాట్ల బల్బు పెట్టినచో, 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు ప్రవహింపవలసిన చోట 8 ఆంపియర్లకు మించి ప్రవహించి, కంపెనీ తీగలును స్విచ్చియు కరగిపోవునను భయముచేతనే అక్కడ రిలే అమర్చబడును. ఆ రిలేను పీకివేసి, తీగలను పూర్వమువలె కలిపి, బల్బును మాత్రము ఉంచుకొన్నవాడు రక్షణను తొలగించి ప్రమాదమును నిలుపుకొన్నవాడగును.

నిద్రింపని పెట్టెలు

టాక్సీగా తిరిగి తెల్లబోర్డునకు మారిన కారులో, యాక్సిలరేటరు పెడలు తీగల నడుమ చేర్చిన పెట్టె గంటకు 80 కిలోమీటర్ల హద్దు విధించు స్పీడు గవర్నరు కావచ్చును. సిమ్ము గల పెట్టె ట్రాకరు కావచ్చును. అది పనిచేయుచున్నంతకాలము బండి ఎక్కడ నిలిచినదో పూర్వయజమాని ఫోనులో చూడగలడు. సీటు క్రింద దాచిన మీట, దొంగల భయమున పెట్రోలు పంపునకు పెట్టించిన కటాఫ్ స్విచ్చి యగుటయు కద్దు. ఇట్టివానిలో కొన్ని తాళము వేసిన పిమ్మటను బ్యాటరీని పీల్చుచునేయుండును. ఇగ్నిషను ఆపి, కారులోని కంప్యూటర్లు నిద్రించువఱకు వేచియుండి, బ్యాటరీ నెగటివు తీగ నడుమ మల్టీమీటరు చేర్చి చూడవలెను. సాధారణముగా 50 మిల్లీ ఆంపియర్ల లోపుగా నుండవలసిన ప్రవాహము అర ఆంపియరైనచో, దినమునకు 12 ఆంపియరు-గంటలు ఖర్చై, 35 ఆంపియరు-గంటల బ్యాటరీ మూడు దినములలో వట్టిపోవును. ఫ్యూజుల నొక్కొక్కటిగా తీయుచు పోగా, దేనిని తీసినప్పుడు ప్రవాహము పడిపోవునో ఆ మార్గముననే కారణము దాగియుండును. ఏది తీసినను తగ్గనిచో, బ్యాటరీనుండి నేరుగా లాగిన తీగను శంకింపవలెను.

చట్టము, ధర్మము

గ్యాసు సిలిండరు విషయమున ఉపేక్ష తగదు: సి.ఎన్.జి. కిట్టు ఆర్.సి.లో నమోదు కావలెను, బీమా పత్రమున పేర్కొనబడవలెను, సిలిండరునకు 3 సంవత్సరముల కొకమారు జలపీడన పరీక్ష జరుగవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము, ఆర్.సి.లోని వివరములు తయారీదారు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 సవరణ ననుసరించి, అనుమతిలేని మార్పు చేసిన యజమానికి ఆరునెలలవఱకు కారాగారమైనను, మార్పొక్కటికి 5,000 రూపాయల జరిమానాయైనను, రెండునైనను విధింపవచ్చును.

గుర్తించిన ప్రతి వస్తువును, అది యెచ్చట నున్నదో, ఏ ఫ్యూజునుండి శక్తి గొనుచున్నదో, ఎందులకు పెట్టబడినదో ఒక కాగితముమీద వ్రాసి బండి పత్రములతో నుంచుటయు, అమ్మునాడు ఆర్.సి.తోపాటు దానిని కొనువారి చేతిలో పెట్టుటయు మనలో ఆచారము కావలెను. మార్పు చేయించుకొను స్వేచ్ఛ గలవారికి, ఆ మార్పును దాచక చెప్పు బాధ్యతయు కలదు. ఏలయన అమ్మిన తరువాత ఆ బండిలో ప్రయాణించునవి అన్యుల ప్రాణములు.