ఇంటి కొలువుకు తీగ భారం ఎవరిది?

నిజామాబాద్‌: ఇంటి నుంచి చేసే ఉద్యోగాల ప్రకటనల్లో విద్యార్హతల సరసన మరో షరతు కనిపిస్తోంది. ఇంట్లో అంతరాయం లేని ఇంటర్నెట్‌ ఉండాలన్నదే అది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌ విధించినప్పుడు హైదరాబాద్‌ సాఫ్ట్‌వేర్‌ సంస్థల్లోని జిల్లా యువత ల్యాప్‌టాప్‌లతో సొంతూళ్లకు చేరింది. నాడు తాత్కాలికంగా మొదలైన పద్ధతి కొన్ని సంస్థల్లో స్థిరపడింది. దాంతోపాటే ఒక ప్రశ్నా మిగిలింది. పనికి కావలసిన నెట్‌ను ఉద్యోగే సమకూర్చుకోవాలనడం న్యాయమేనా?

బీడీల చాట చెప్పే న్యాయం

ఇంటి నుంచి పని ఈ జిల్లాకు కొత్త కాదు. దశాబ్దాలుగా ఇక్కడి మహిళలు చాట ఒళ్లో పెట్టుకుని ఇంటి ముంగిట బీడీలు చుడుతున్నారు. తునికాకు, తంబాకు యాజమాన్యమో గుత్తేదారో ఇవ్వడం ఆనవాయితీ. ఆకు నాసిగా ఉంటే నష్టం ఎవరు భరించాలన్నది ఈ రంగంలో పాత తగాదా. ముడిసరుకు పంపిణీ, తిరస్కరించిన బీడీలకు కూలి చెల్లింపు వంటి వివాదాల పరిష్కారానికి 1966 నాటి బీడీ, సిగార్‌ కార్మికుల చట్టం వీలు కల్పించింది. తదనంతరం దానిని 2020 నాటి కార్మిక స్మృతిలో విలీనం చేశారు. పని ఇంట్లో జరిగినంత మాత్రాన యజమాని బాధ్యత గడప బయటే ఆగిపోదని ఆ చట్టం గుర్తించింది. నేటి ఉద్యోగికి నెట్‌ తీగే తునికాకు. అది అందని గంటకు జీతం కోయడమంటే ఆకు ఇవ్వకుండా బీడీలు అడగడమే.

తెగితే తప్పెవరిది?

పల్లెల్లో ఫైబర్‌ తీగ స్తంభాల మీదుగానో, రోడ్డు పక్క కందకంలోనో వెళ్తుంది. గాలివానకు చెట్టు కూలినా, రోడ్డు తవ్వినా తెగుతుంది. తీగ బాగున్నా కరెంటు పోతే ఇంట్లోని రౌటర్‌ ఆగిపోతుంది. మొబైల్‌ డేటాకు మారితే ఒకే టవర్‌ను ఊరంతా పంచుకోవాలి. రెండో కనెక్షన్‌ తీసుకున్నా, రెండు తీగలూ ఒకే స్తంభం మీదుగా వస్తే రెండూ ఒకేసారి తెగుతాయి. 2023లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్‌ కనీస డౌన్‌లోడ్‌ వేగాన్ని 512 కేబీపీఎస్‌ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. అయితే వీడియో సమావేశానికి అప్‌లోడ్‌ వేగం, నిలకడ కూడా అంతే అవసరం.

బోధన్‌ పరిసరాలకు ఇది బతుకుదెరువు సమస్య. నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఊరు విడవకుండా దొరికే ఉద్యోగం ఇక్కడి యువతకు పెద్ద ఆసరా. నెట్‌ షరతు కఠినమైతే ఎడపల్లి, రెంజల్‌ అభ్యర్థి ప్రతిభ ఉన్నా నగరవాసి కంటే వెనుకబడతాడు.

యాజమాన్యాల వాదన

సంస్థల వాదననూ తోసిపుచ్చలేం. అవతల ఖాతాదారు వేచి ఉంటాడు. పల్లెలో తెగిన తీగను సంస్థ అతికించలేదు. భారమంతా తమపైనే మోపితే నగరాల వారినే నియమించుకుంటామని అవి అనవచ్చు. కనుక ఇల్లు ఎవరి ఎంపిక అన్నదే గీటురాయి. కార్యాలయమే లేకుండా ఇంటి నుంచి చేయమంటే నెట్‌ పని సాధనం, ఖర్చు సంస్థదే. కార్యాలయం తెరిచి ఉన్నా ఉద్యోగి ఇంటిని కోరుకుంటే మంచి కనెక్షన్‌ చూసుకోవడం అతని వంతు. ఎవరు కోరినా, ఊరంతటికీ నెట్‌ పోయిన రోజున జీతం కోత తగదు. ఆ గంటలను మరో వేళ పూర్తి చేసే వీలుండాలి.

దీనికి ముందు దారులు లేకపోలేదు. ప్రత్యేక ఆర్థిక మండళ్ల ఉద్యోగుల ఇంటి పనికి 2022 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధన ఉపకరణాలను, సురక్షిత అనుసంధానాన్ని యూనిట్లే కల్పించాలంది. తెలుగువారు ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియాలో పనికైన అవసర ఖర్చును యజమాని తిరిగి చెల్లించాలని కార్మిక చట్టం చెబుతోంది. 2021లో పోర్చుగల్‌ కూడా ఇంటి పని వల్ల పెరిగే నెట్‌, కరెంటు ఖర్చును యజమానిపైనే పెట్టింది.

మధ్యేమార్గం

నిజామాబాద్‌లో 2023 ఆగస్టులో ఐటీ హబ్‌ ప్రారంభమైంది. బోధన్‌ నుంచి అక్కడికి సుమారు 25 కిలోమీటర్లు. ఇలాంటి చోట సంస్థలు కొన్ని సీట్లు అద్దెకు తీసుకుంటే ఇంట్లో నెట్‌ పోయిన రోజున ఉద్యోగి అక్కడ కూర్చుని పని ముగించవచ్చు.

నియామక పత్రంపై సంతకం చేసే ముందు అభ్యర్థులు మూడు విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోవాలి. నెట్‌ బిల్లు ఎవరు కడతారు? అంతరాయం కలిగితే ఎవరికి, ఎంతసేపట్లో తెలపాలి? ఆ గంటలు సెలవుగా లెక్కిస్తారా, మరో వేళ పూర్తి చేయనిస్తారా? ముందే తేల్చుకుంటే నెల చివర జీతం దగ్గర తగాదా రాదు.