చెరకు తోటల నల్లరాయి కథ

మన మారిషస్‌లో ఏ చెరకు తోటకు వెళ్లినా నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. కూలి ఒప్పందాలపై వచ్చిన మన పెద్దలు, ఇతర కూలీలతో కలిసి, ఈ రాళ్లను ఏరి, మోసి, పేర్చి, నేలను సాగులోకి తెచ్చారు. ఇది చల్లారి గట్టిపడిన లావా అని మన పిల్లలు బడిలో నేర్చుకుంటున్నారు. అయితే ఆ లావాను పుట్టించిన వేడి ఎంత లోతు నుండి వచ్చింది?

తవ్వి చూడడం సాధ్యం కాదు. భూకేంద్రం 6,371 కిలోమీటర్ల లోతున ఉన్నది. రష్యాలోని కోలా వద్ద ఎంతో శ్రమించి తొలిచిన బావి లోతు 12 కిలోమీటర్లు మాత్రమే. కనుక శాస్త్రజ్ఞులు మరొక ఉపాయం పట్టారు. కుండ కొనేటప్పుడు మనం వేలితో తట్టి, మోతను బట్టి పగులు ఉన్నదీ లేనిదీ తెలుసుకుంటాము కదా! భూమిని అలా తట్టేది భూకంపం.

పెద్ద భూకంపం వస్తే దాని తరంగాలు భూమి లోపలి నుండి సాగి, ఆవలి వైపు యంత్రాలకు కూడా అందుతాయి. ముందు చేరేవి పి తరంగాలు, తరువాతవి ఎస్ తరంగాలు. ఎస్ తరంగాలు ద్రవంలో నుండి పోలేవు. 1897 నాటి అస్సాం భూకంపాన్ని పరిశీలించిన ఓల్డ్‌హామ్, తరంగాలు చేరిన వేళలను లెక్కించి, భూమికి ప్రత్యేకమైన కేంద్రమండలం ఉన్నదని 1906లో తెలిపాడు. దాని అంచు సుమారు 2,900 కిలోమీటర్ల లోతున ఉన్నదని 1914లో గూటెన్‌బర్గ్ నిర్ణయించాడు. కరిగిన ఇనుము మధ్యన మరొక లోపలి గోళం ఉన్నదని 1936లో ఇంగె లేమాన్ అనే డెన్మార్క్ మహిళ కనుగొన్నది.

తరంగాలు వేడెక్కిన రాతిలో నెమ్మదిగా నడుస్తాయి. బురదలో మనిషి నడక మందగించినట్లే. ఎక్కడ ఎన్ని సెకన్లు ఆలస్యమైనదో అనేక చోట్ల కొలిచి కలిపితే, లోపలి వేడి చిత్రం తయారవుతుంది.

2012-13లో ఫ్రెంచి, జర్మన్ శాస్త్రజ్ఞులు మన పొరుగు దీవి రేయూనియన్ చుట్టూ సముద్రం అడుగున 57 యంత్రాలను ఉంచి ఈ పని చేశారు. 2021లో ఫలితం ప్రకటించారు. కేంద్రమండలపు అంచున వేరూని, దక్షిణ ఆఫ్రికా అడుగున మానులా లేచి, కొమ్మలు చాచిన వేడి రాతి చెట్టు కనిపించింది. ఒక కొమ్మ తూర్పు ఆఫ్రికా వైపు, ఒకటి రేయూనియన్ వైపు సాగుతున్నవి.

ఆ వేడికీ మన తెలుగునేలకూ కూడా సంబంధం ఉన్నది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం భారత భూభాగం ఆ వేడి చోటు మీదుగా కదిలిపోయినదనీ, దక్కను లావా అప్పుడు పొంగినదనీ అధిక శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ లావా రాజమండ్రి దాకా పారింది. భారతం ఉత్తరానికి జరిగిపోయిన చాలా కాలానికి, సుమారు 80, 90 లక్షల సంవత్సరాల క్రితం, అదే వేడి మారిషస్‌ను సముద్రం నుండి పైకి లేపింది. నేడు రేయూనియన్ అగ్నిపర్వతాన్ని మండిస్తున్నది కూడా అదే.

మన పెద్దలు పరాయి నేల అనుకొని ఇక్కడ దిగారు. వారు వెన్ను వంచి మోసిన రాయి గోదావరి గట్టున ఉన్న నల్లరాయికి చెల్లెలే. ఈసారి తోట వైపు వెళ్లినప్పుడు ఆ గుట్టను పిల్లలకు చూపించి, ఈ రెండు కథలూ, రాయి కథా దానిని మోసిన వారి కథా, చెప్పుదాము.