అడ్డకడ్డీ ఉన్న సైకిలా, లేని సైకిలా?

జూన్ నెలలో బడులు తెరిచే వేళకు నందిగామలోనో జగ్గయ్యపేటలోనో సైకిలు దుకాణం ముందు ఒక చిన్న పంచాయతీ జరుగుతూ ఉంటుంది. తండ్రి అడ్డకడ్డీ సైకిలు మీద చేయి వేసి నిలుచుంటాడు. కూతురు కడ్డీ లేని సైకిలు వైపు చూస్తూ ఉంటుంది. "జెంట్స్ సైకిలయితే గట్టిగా ఉంటుంది, రేపు తమ్ముడికీ పనికివస్తుంది" అని తండ్రి వాదం. "దాని మీద ఎక్కి దిగేదెట్లా నాన్నా?" అని కూతురి వాదం. ఇద్దరి మాటలోనూ నిజమున్నది. ఎవరి మాటలో ఎంత నిజమో తేల్చడానికి కొంచెం యంత్రశాస్త్రం, ఒక కొలబద్ద చాలును.

ముందు తండ్రి మాట చూద్దాము. మూడు వెదురు బద్దలను కొసల వద్ద దారంతో కట్టి త్రిభుజం చేసి ఒక మూలను నొక్కితే దాని ఆకారం మారదు. నాలుగు బద్దలతో చతుర్భుజం కట్టి నొక్కితే అది పక్కకు ఒరిగిపోతుంది. అడ్డకడ్డీ గల చట్రం దాదాపుగా రెండు త్రిభుజాల జోడు. (హాండిలు కింది పొట్టి గొట్టం వల్ల ముందుది నిజానికి చతుర్భుజమే, కాని త్రిభుజానికి చాలా దగ్గర.) మనిషి సీటు మీద కూర్చున్నప్పుడు పైకడ్డీ రెండు కొసల నుంచి నొక్కబడుతుంది, కింది ఏటవాలు గొట్టం సాగదీయబడుతుంది. ఉక్కుగొట్టానికి ఈ రెండూ లెక్కలోనివి కావు. దానికి గిట్టనిది వంపు.

కడ్డీ లేని చట్రంలో వచ్చే చిక్కు ఇదే. పైగొట్టం కిందికి దిగి, సీటుగొట్టాన్ని నడుమ భాగంలో కలుస్తుంది. ఆ కలిసినచోట సీటుగొట్టం వంగజూస్తుంది. పైగా ముందున్న రెండు గొట్టాలూ దగ్గర దగ్గరగా ఉండడం వల్ల చట్రం మెలిపడకుండా ఆపే శక్తి తగ్గుతుంది. అందుకని తయారుచేసేవారు గొట్టాలను లావు చేస్తారు. పలుచని గొట్టం వంగకుండా నిలిచే బిగువు దాని వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, గోడమందం మార్చకుండా వ్యాసాన్ని పదింట ఒక వంతు పెంచితే బిగువు సుమారు మూడో వంతు పెరుగుతుంది. బరువు మాత్రం పదో వంతే హెచ్చుతుంది. కాబట్టి పుస్తకాల సంచి మోసే పిల్లకు లేడీస్ సైకిలు బలం ధారాళంగా సరిపోతుంది. క్యారియరు మీద పాలక్యానులో, మిరపకాయల బస్తాయో కట్టినప్పుడు మాత్రం హాండిలు వణకడం మొదలవుతుంది. అట్టి పనికి తండ్రి చెప్పినదే సరి.

ఇక కూతురి మాట. పాతరకం 22 అంగుళాల చట్రమూ, 28 అంగుళాల చక్రాలూ గల సైకిలుకు అడ్డకడ్డీ నేల నుంచి సుమారు 32 అంగుళాల ఎత్తున ఉంటుంది. ఐదడుగుల పిల్లకు మడమ నుంచి తొడల మొదలు దాకా కొలిస్తే 27, 28 అంగుళాలు ఉండవచ్చు. అంటే ఆమె సీటు దిగి రెండు కాళ్ళూ నేల మీద ఆనించి నిలబడలేదు. సైకిలును ఒక పక్కకు ఒరిగించి, ఒక కాలి మీద ఆపుకోవలసి ఉంటుంది. వెనకటి రోజుల్లో మగపిల్లలు కడ్డీ కింది నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నది కూడా ఇందుకే.

మెట్టప్రాంతంలో ఇది చిన్న సంగతి కాదు. 2022 ఏప్రిల్ నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్న ఈ మండలాలు డెల్టా కాలువగట్ల వలె చదునుగా ఉండవు. ఎత్తు ఎక్కలేక నడుమ దిగవలసివస్తుంది, పల్లంలో ఉన్నట్టుండి ఆపవలసివస్తుంది. చిల్లకల్లు వద్ద గాని, నందిగామ వద్ద గాని హైదరాబాదు–విజయవాడ రహదారిని దాటే పిల్లకు, లారీ వస్తుండగా ఒక్క క్షణంలో కాలు నేలకు ఆనడం ముఖ్యం. గొట్టం బిగువు ఆ తరువాతి మాట.

అసలు ఈ రెండు రకాలు ఎట్లా పుట్టినవి? 1885లో ఇంగ్లండులో స్టార్లీ 'రోవర్' సైకిలును తెచ్చిన తరువాత కొద్ది ఏళ్ళలోనే త్రిభుజాల చట్రం స్థిరపడింది. ఆనాటి స్త్రీల పాదాల దాకా వేలాడే గౌన్లకు పైకడ్డీ అడ్డం రాగా దానిని కిందికి దించారు; చక్రానికి బట్ట చిక్కుకోకుండా వల, చైనుకు కవరు తగిలించారు. అంటే తేడాకు మూలం గౌను. చీరకూ, లంగా ఓణీకీ ఆ ఏర్పాటు బాగా అమరింది. చుడీదారు వచ్చాక ఆ కారణం సగం సడలింది, చున్నీ మాత్రం మిగిలింది.

పేర్లు మనుషులను ఎంత కట్టిపడేస్తాయో పుదుక్కోట్టై స్త్రీలు చూపించారు. 1990 దశాబ్దం మొదట్లో, ఆ తమిళ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలక జెంట్స్ సైకిళ్ళే ఎక్కారు. కొందరు వాటినే మెచ్చుకున్నారు కూడా, ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చునని! పత్రికారచయిత పి. సాయినాథ్ ఈ ముచ్చట రాశారు. అదే తర్కంతో, మోకాళ్ళు పట్టేసిన పెద్దాయన కాలు వెనుకకు తిప్పి ఎక్కే బాధ లేని లేడీస్ సైకిలు కొనుక్కుంటే నవ్వవలసిన పని లేదు.

కొనేముందు చేయవలసినది ఇంతే. చెప్పులతో గోడకు ఆని నిలబడి, తొడల మధ్య ఒక పుస్తకాన్ని పైదాకా నిలువుగా ఆనించి నేల నుంచి కొలవాలి. అడ్డకడ్డీ ఆ కొలత కన్న ఒకటి రెండు అంగుళాలు తక్కువలో ఉంటే ఆ సైకిలు తీసుకోవచ్చు, లేకుంటే కడ్డీ లేనిదే తీసుకోవాలి. తమ్ముడూ దానినే తొక్కవచ్చు. సీటు ఎత్తు వేరే సంగతి: పెడలు అన్నిటికన్న కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఉంచితే కాలు నిటారుగా సాగాలి. వెనుక చక్రానికి వల లేకపోతే అడిగి వేయించుకోవాలి.

పాత లేడీస్ సైకిలు కొనేవారు రంగు మెరుపు చూసి మోసపోరాదు. పైగొట్టం సీటుగొట్టాన్ని కలిసేచోట తుడిచి, వేలితో తడిమి చూడాలి. వెంట్రుకవాసి పగులు గాని, తుప్పుగీత గాని కనబడితే ఆ సైకిలును అక్కడే వదిలిరావాలి.