ఎడారిలో చెరువు గట్టు

మన దేశంలో ఆదివారం ఎప్పుడూ సెలవే. ఈ ఎమిరేట్స్‌లో మాత్రం సెలవురోజు కూడా మనలాగే ఒకచోట కుదురుగా ఉండలేదు. పాతకాపులకు గుర్తుండే ఉంటుంది, 2006 దాకా ప్రభుత్వ కార్యాలయాలకు గురు, శుక్రవారాలు సెలవు. ఆ ఏడు అది శుక్ర, శనివారాలకు జరిగింది. 2022 జనవరి 1 నుంచి శని, ఆదివారాలైంది, శుక్రవారం ఒంటిపూట. షార్జా ప్రభుత్వోద్యోగులకైతే శుక్రవారంతో కలిపి మూడు రోజులు. ఏ రోజులైతేనేం, కావలసింది నాలుగు కుటుంబాల స్నేహం, ఇంత నీడ, కాసిన్ని నీళ్ళు. ఎడారిలో నీళ్ళెక్కడివి అంటారా? అదే చెప్పబోతున్నాం.

ఉగాది వెళ్ళిన తర్వాత వచ్చిన శనివారం, పిల్లల పరీక్షలు కూడా అయిపోయాయి గనుక, అయిదు కుటుంబాల వాళ్ళం నాలుగు కార్లలో అల్ ఖుద్రా చెరువులకు బయల్దేరాం. దుబాయి ఊరు దాటాక ఇళ్ళు పలచబడి, రోడ్డుకి రెండుపక్కలా ఇసుకే. ఒక పక్కన సైకిళ్ళ బాట మాత్రం మనతోపాటే వస్తుంది. ఎనభై కిలోమీటర్లకు పైబడిన ఈ బాట మీద తెల్లవారకముందే తొక్కడం మొదలుపెట్టే ఉత్సాహవంతులు మన తెలుగువారిలోనూ ఉన్నారు.

ఇవి మన కాకతీయుల నాటి చెరువుల వంటివి కావు. సైహ్ అల్ సలామ్ ఎడారిలో మనుషులు తవ్వి నింపినవి. ఇప్పుడు అల్ మర్మూమ్ రక్షిత ప్రాంతంలో భాగం. ఆ ప్రాంతమంతా కలిపితే దుబాయి ఎమిరేట్‌లో దాదాపు పదోవంతు ఉంటుందట. 2018లో ఇక్కడే రెండు హృదయాలు పెనవేసుకున్న ఆకారంలో ఇంకో చెరువు తయారైంది. పైనుంచి చూస్తేగాని ఆ ఆకారం తెలియదు. గట్టున నిలబడ్డ మాకు మాత్రం అదీ చెరువులాగే కనబడింది. నీళ్ళలో దిగి ఈదడానికి వీల్లేదు. బాతులకూ, కొంగలకూ ఆ నిషేధం లేదు కాబట్టి మా పిల్లలు వాటిని చూసి కాస్త అసూయపడ్డారు.

నెల్లూరు వదినగారు పక్షుల్ని చూడగానే పులికాట్ కబుర్లు మొదలుపెట్టారు. సూళ్ళూరుపేటలో ఏటా ఫ్లెమింగోల పేరు మీద పండుగ కూడా చేస్తారు కదా! దానికి అబూధాబి నుంచి వచ్చిన మిత్రులు ఊరుకుంటారా? వాళ్ళకు అల్ వత్బా ఉంది. శుద్ధిచేసిన మురుగునీరు పొంగి ఎడారి పల్లంలో నిలిస్తే అదే ఒక మడుగైంది. అందులో ఉప్పునీటి రొయ్యపిల్లలు పుట్టాయి. వాటికోసం ఫ్లెమింగోలు వచ్చాయి. 1998లో అక్కడే గూళ్ళు కట్టి పిల్లల్ని చేశాయి. అదే ఏడు షేక్ జాయెద్ ఆ చోటును రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2013లో అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాలోకి కూడా ఎక్కింది. "మనం పారబోసుకున్న నీళ్ళే ఇంకొకళ్ళకి పుట్టిల్లయ్యాయన్న మాట" అన్నారు వదినగారు. ఆ మాటకి అందరం కాసేపు ఊరుకున్నాం.

అసలు విశేషం భోజనాల వేళ జరిగింది. గట్టుకి కొంచెం ఎడంగా ఒక చెట్టు కింద చాపలు పరిచాం. ఇక్కడివాళ్ళు దాన్ని గాఫ్ అంటారు. ఈ దేశపు జాతీయ వృక్షం. 2019ని సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు గుర్తుగా పెట్టుకున్నది దీన్నే. పులిహోర గిన్నె దించుతూ మా కరీంనగర్ మిత్రుడు తలెత్తి ఆకు చూశాడు. "ఇది మన జమ్మి గదా!" అన్నాడు. నిజమే, రెండూ ఒకటే జాతి. అజ్ఞాతవాసానికి వెళ్ళేముందు పాండవులు ఆయుధాలు దాచుకున్న చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం, ఇన్నేళ్ళూ మన రోడ్ల పక్కనే ఉంటే వేరే పేరుతో పిలుస్తూ పోయామన్న మాట. అదే కొమ్మల్లోంచి నీలిరెక్కలు మెరుస్తూ పాలపిట్ట ఎగిరేసరికి ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. దసరానాడు ఊళ్ళో పొలాల వెంట వెతికితేగాని కనబడని పిట్ట అది. ఈ దేశంలో ఏడాది పొడుగునా ఉంటుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మాలో పెద్దాయన ఒకరు ఈ వేసవిలో కుటుంబంతో సహా తిరిగి వెళ్ళిపోతున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగం ముగిసింది. 2019 నుంచి పదేళ్ళ గోల్డెన్ వీసాలు వచ్చిన మాట నిజమే కాని, మనలో చాలామందికి ఇప్పటికీ వీసా ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. కరీంనగర్ మిత్రుడు కింద రాలిన జమ్మి రెమ్మ ఏరి ఆయన చేతిలో పెట్టి, వంగి కాళ్ళకు దండం పెట్టాడు. "ఇదేమిటయ్యా, ఇవాళ దసరా కాదుగా" అన్నారాయన. "వచ్చే దసరాకు మీరుండరు గదన్నా, బంగారం ఇప్పుడే తీసుకోండ్రి" అన్నాడు. పెద్దాయన రెమ్మని జేబులో పెట్టుకుని, ఆ మిత్రుణ్ణి దగ్గరకు తీసుకున్నారు. పిల్లలకి ఏమీ అర్థంకాలేదు. తర్వాత వాళ్ళకి జమ్మి ఆకు బంగారం ఎలా అవుతుందో చెప్పవలసివచ్చింది. ఈ ఎడారిలో పుట్టిన పిల్లలకు దసరా కథ చెప్పడానికి చెట్టే దొరికింది, ఇంకేం కావాలి?

రాత్రి భోజనాలు షార్జాలో ఆ పెద్దాయన ఇంట్లోనే. బల్లా కుర్చీలూ అప్పుడే అమ్మేశారు. హాలు నిండా అట్టపెట్టెలు. వాటి మధ్య వార్తాపత్రికలు పరుచుకుని కిందే కూర్చున్నాం. దేరా చేపల బజారు నుంచి తెచ్చిన కనాద్, అంటే మన వంజరం, పులుసు పెట్టారు. గోంగూర, మామిడికాయ పప్పు, గడ్డపెరుగు. వాళ్ళమ్మాయి పన్నెండో తరగతి రాసింది, విశాఖలో చదవబోతోంది. "ఇంటికి వెళ్తున్నావన్న మాట" అన్నాం. "కాదు అత్తయ్యా, ఇంటినుంచి వెళ్తున్నాను" అంది. నవ్వాం కాని, ఆ పిల్ల చెప్పింది సబబే. దుబాయిలో పుట్టి, షార్జాలో పెరిగిన పిల్ల అది. పాస్‌పోర్టులో ఉన్న ఊరు ఆమెకు సెలవుల ఊరు.

వాళ్ళమ్మగారు ఆవకాయ జాడీలూ, తులసి కోటా, కుట్టుమిషనూ అందరికీ పంచిపెట్టారు. మా వాటాకి తులసి వచ్చింది. ఇక్కడి మన ఇళ్ళలో ఇలా చేతులు మారని వస్తువు ఏదైనా ఉందా? మనం వచ్చినప్పుడు ఎవరో ఇచ్చారు, వెళ్ళేటప్పుడు ఎవరికో ఇస్తాం. ఈ దేశంలో మన చుట్టరికాలు ఇలాగే ఏర్పడ్డాయి.

ఇంకా వెళ్ళనివాళ్ళు ఈ నెలలోనే వెళ్ళిరండి. మే దాటితే ఎండకి నిలవలేం. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఆరుబయట పని చేయించకూడదని చట్టమే ఉంది. పొద్దున్నే బయల్దేరండి. నీళ్ళు దండిగా పట్టుకెళ్ళండి, ఇసుకలోకి కారు దింపకండి, ఎంగిలాకులూ చెత్తా తిరిగి కారులోనే వేసుకురండి. చెట్టునుంచి ఆకు తుంచకండి, రాలినవి బోలెడుంటాయి. మళ్ళీ చల్లబడేసరికి కార్తీకం వస్తుంది. వనభోజనాలకు ఉసిరిచెట్టు లేదని ఇన్నేళ్ళూ విచారించాం. ఈసారి జమ్మి కిందే కూర్చుందాం. పెద్దాయన స్థానంలో ఎవరు కొత్తగా వస్తే వాళ్ళను వెంటబెట్టుకు రండి.