పెరటి తోటకు బెంగుళూరు మిరప: రకముల ఎన్నిక

గౌతమీ తీరమున యానామునందును, దాని చుట్టునుగల తాళ్ళరేవు, ఎదుర్లంక ప్రాంతపు గ్రామములందును పెరటి తోట క్రొత్త విషయము కాదు. వంగ, బెండ, ఆనప, పచ్చిమిరప మన స్త్రీలు తరతరములుగా పెంచుచున్నవే. వీటి సరసన ఇప్పుడు కారములేని బెంగుళూరు మిరపకు కూడ చోటు లభించుచున్నది. దీనినే బుట్ట మిరప యనియు, కాప్సికం అనియు పిలుతురు. అయితే ఇది మన పచ్చిమిరపవలె ఎక్కడ నాటినను, ఎప్పుడు నాటినను కాచునది కాదు. రకమును, అదనును ఎరుగక నాటిన కుటుంబమునకు పూత రాలి, మొక్క వడలి, శ్రమ వృథా యగును. ఒకసారి విసిగిన గృహిణి మరల పెరటి తోట వంక చూడదు. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును ముందుగా తెలిసికొనుట అవసరము.

పోషక విలువ

మిరప జాతి మనకు పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దమున వచ్చినది. హంగేరీ శాస్త్రజ్ఞుడు సెంట్-జార్జీ తన దేశపు మిరపపండ్లనుండి సి విటమినును విస్తారముగా వేరుచేసెను; 1937లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. 100 గ్రాముల పచ్చని బుట్ట మిరపలో సుమారు 80 మిల్లీగ్రాముల సి విటమిను కలదు. పండి ఎర్రబడినచో అది ఇంకను హెచ్చును. కారము లేనందున పిల్లలు కూడ దీనిని కూరగా తినగలరు.

మన నేలకు తగిన రకములు

బెంగుళూరు సమీపమున హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ మూడు ముఖ్యమైన రకములను రూపొందించినది.

అర్కా గౌరవ్: దీని కాయలు ముదురునప్పుడు నారింజ, పసుపు వన్నెకు తిరుగును. బాక్టీరియా వలన కలుగు వడలు తెగులును ఇది కొంతవరకు తట్టుకొనును. తేమ, వేడి కలిసియుండు కోస్తా నేలలలో ఈ తెగులు భయము హెచ్చు గనుక, మన ప్రాంతమున మొదటగా పరీక్షింపదగినది ఇదియే.

అర్కా మోహిని: పెద్ద కాయలు, దళసరి కండ. ముదిరినప్పుడు ఎర్రబడును. తెగులు సోకని పెరళ్ళలో నాటవచ్చును.

అర్కా బసంత్: హంగేరీ దేశపు రకమునుండి ఎన్నిక చేయబడినది. కాయలు లేత మీగడ వన్నెలో నుండును.

కాలిఫోర్నియా వండర్ అను అమెరికా రకము పేరుపొందినదే గాని చల్లని వాతావరణమునందు రాణించును. సంకర రకములు కూడ కలవు. బెంగుళూరులోని ఇండో-అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ సంస్థ 1973లో ‘భారత్’ అను సంకర రకమును విడుదల చేసెను. సంకర రకముల దిగుబడి హెచ్చు. కాని వాటి విత్తనము దాచి మరల నాటుట తగదు, ప్రతి ఏటను క్రొత్తగా కొనవలయును. బీదకుటుంబములకు మొదటి మూడు రకములే అనువైనవి.

అదను

రాత్రి వేడి 24 డిగ్రీలు మించినను, పగటి వేడి 32 డిగ్రీలు దాటినను పూత నిలువదు. కావున మనకు చలికాలమే శరణ్యము. అయితే ఆశ్వయుజ, కార్తిక మాసములు తుపానుల కాలము. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను, యానామును ధ్వంసము చేసిన తుపానును ఎవరును మరువజాలరు. అందుచేత చిత్త కార్తెలో ఎత్తయిన నారుమడిలోగాని కుండీలలోగాని నారు పోసి, పైకప్పు నీడలో కాపాడి, 35-40 దినముల పిమ్మట అనూరాధ కార్తెలో నాటవలెను. జనవరి చివరనుండి కాపు అందును.

నేల, నాటుట

మన ఒండ్రునేల సారవంతమే గాని నీరు నిలిచినచో వేరు కుళ్ళును. కావున జానెడు ఎత్తు మడులు కట్టి, బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి, 60 సెంటీమీటర్ల ఎడముగల వరుసలలో 45 సెంటీమీటర్లకు ఒక మొక్క చొప్పున నాటవలెను. ఉప్పుదేలిన బావినీరు దీనికి పనికిరాదు. ముందటి పైరుగా వంగ, టమాటా, మిరప పెంచిన చోట నాటరాదు. ఒకే తెగులు వీటినన్నిటిని పట్టును.

ఆకులు పచ్చగానుండగనే మొక్క అకస్మాత్తుగా వడలినచో కాండమును కోసి, గాజుగ్లాసులోని తేటనీటిలో నిలుపుడు. కొలది నిమిషములలో కోసిన చోటునుండి తెల్లని దారమువంటి ద్రవము దిగినచో అది వడలు తెగులే. అట్టి మొక్కను వేళ్ళతో పెరికి తగులబెట్టవలెను.

విత్తనము దాచువారికి హెచ్చరిక

కారపు మిరప ప్రక్కననే బుట్ట మిరపను పెంచినచో తేనెటీగల మూలమున పుప్పొడి కలియును. ఆ ఏటి కాయ రుచి మారదు గాని, దాని విత్తనమునుండి మరుసటి ఏట పుట్టిన మొక్క కారపు కాయలు కాయవచ్చును. కావున విత్తనమునకు విడిచిన మొక్క పూమొగ్గలకు పలుచని గుడ్డసంచి కట్టి, కాయ పట్టిన వెనుక తొలగింపవలెను.

పంచాయతీ చేయదగిన పని

విత్తనపు పొట్లముపై రకము పేరు, మొలక శాతము, పరీక్షించిన తేదీ చూచి కొనుడు. 20 గింజలు తడిగుడ్డలో నుంచి మొలక పరీక్షింపుడు. గ్రామమునకంతకు ఒకే నారుమడి పెంచి, పాఠశాల ఆవరణలోను అయిదారు పెరళ్ళలోను రెండు మూడు రకములను ప్రక్కప్రక్కన నాటించి, ఏ రకమునకు ఎన్ని కాయలు వచ్చెనో, ఎన్ని మొక్కలు వడలెనో వ్రాయించుడు. ఒక్క శీతకాలపు లెక్కయే మీ గ్రామపు నేలకు ఏ రకము తగునో నిర్ణయించును. అటుపిమ్మట మాత్రమే ఇంటింటికి నారు పంచుట ఉచితము.