టార్చ్ యాప్‌కి అమ్మమ్మ నంబర్ ఎందుకు?

ఫోన్‌లో టార్చ్ వెలగాలంటే కావలసింది ఒక చిన్న ఎల్‌ఈడీ. అయినా కొన్ని టార్చ్ యాప్‌లు కాంటాక్ట్స్ కూడా అడుగుతాయి. చీకట్లో దారి చూపించడానికి మా అమ్మమ్మ నంబర్ దేనికో నాకైతే అర్థం కాదు.

ఒకప్పుడు ఆండ్రాయిడ్‌లో ఇంకా ఘోరం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే పర్మిషన్ల లిస్టు మొత్తం ముందు పెట్టేది. అన్నీ ఒప్పుకోవాలి, లేదంటే యాప్ వదులుకోవాలి. 2015లో ఆండ్రాయిడ్ 6.0 వచ్చాకే కెమెరా, కాంటాక్ట్స్, లొకేషన్ లాంటివాటికి విడివిడిగా "వద్దు" అనే వీలు దొరికింది.

చట్టం ఇంకా నెమ్మదిగా వచ్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల బెంచ్, గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. ఆరేళ్ల తర్వాత, 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది.

అందులో సెక్షన్ 6 మనందరం చదవాల్సింది. మన ఒప్పుదల బలవంతం లేకుండా, దేనికో తెలిసి ఇచ్చినదై ఉండాలి. అదీ ఆ పనికి అవసరమైన డేటా వరకే. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: ఆన్‌లైన్ వైద్యం యాప్ కాంటాక్ట్స్ కూడా అడిగింది, మనం ఓకే నొక్కేశాం. అయినా ఆ ఓకే కాంటాక్ట్స్‌కి చెల్లదు, ఎందుకంటే వైద్యానికి అవి అక్కర్లేదు. ఇచ్చినంత సులువుగా ఒప్పుదలని వెనక్కి తీసుకునే వీలు కూడా ఉండాలి.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. ఈ అడగడమనేది ఇంగ్లీషులోనో, ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోనో చదువుకునే వీలు ఇవ్వాలి. అంటే తెలుగులో కూడా! కానీ "వ్యక్తిగత దత్తాంశ సంసాధనకు సమ్మతి" అని రాస్తే ఇంగ్లీషు మీడియం వాడినైన నాకే కాదు, అమ్మమ్మకీ అర్థం కాదు. "మీ ఫోన్‌లో ఉన్నవాళ్ల నంబర్లు మేం చూస్తాం, సరేనా?" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

నచ్చనిది సెక్షన్ 17. దేశ భద్రత, శాంతిభద్రతల లాంటి కారణాలతో కేంద్రం తన సంస్థలకి ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చుకోవచ్చు. కంపెనీకైతే 250 కోట్ల దాకా జరిమానా, ప్రభుత్వానికైతే పక్క గేటు. ఇదెక్కడి న్యాయం?

రేపు ఆ పర్మిషన్ బాక్సులు రాయబోయేది మన బ్రాంచ్ వాళ్లమే. కాబట్టి అవసరం లేనిది అడగొద్దు, అడిగేది మాత్రం ఇంట్లో మాట్లాడే తెలుగులో అడుగుదాం.